శుక్రవారం సెట్లింగ్

జనవరి రెండో శుక్రవారం పొద్దున నరసింహ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదికి ప్లాంట్‌కి వెళ్లడం, బ్యాచ్ మొదలుపెట్టించడం, నాలుగున్నరకి బయటపడి భార్య వసుమతిని ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్లడం. అరిజోనాలోని చాండ్లర్‌లో గోంగూర శుక్రవారం సాయంత్రమే దిగుతుంది. ఆరు దాటాక వెళ్లినవాళ్లకి కాడలూ, క్యాషియర్ సానుభూతీ తప్ప ఏమీ దక్కవు.

"డబ్బా బ్యాగులో పెట్టాను," అంది వసుమతి. "ఇవాళ పదకొండు యాభై తొమ్మిది దాకా ఏమీ మొదలుపెట్టకండి."

"మెసేజ్ పెట్టు. మర్చిపోతాను."

"ఎప్పుడో పెట్టేశాను."

ఈ మెసేజ్ సంగతి చెప్పకపోతే మనం ముందుకు పోలేం. నరసింహ పనిచేసే ప్లాంట్ ఆల్కహాల్‌ని శుద్ధిచేసి చిప్ ఫ్యాక్టరీలకి పంపుతుంది. తాగేది కాదు, చిప్పులు కడిగేది. పొద్దున్నే ఆల్కహాల్ ఒక ట్యాంకులో వేడెక్కడం మొదలవుతుంది, పదీ నలభై అయిదుకి సిద్ధమవుతుంది. నరసింహ ఊ అంటే ఆపరేటర్ బటన్ నొక్కుతాడు. అక్కడినుంచి అది నలభై అడుగుల ఉక్కు స్తంభంలోకి వెళ్లి, మరిగి, తనలోని నీళ్లూ మలినాలూ వదిలించుకుని బయటికొస్తుంది. దాన్ని కాలమ్ అంటారు.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం, బటన్ నొక్కిన పది నిమిషాలకి ఒక జాయింటు దగ్గర కారి నరసింహ చొక్కా తడిసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ చొక్కాతో ఇంటికొచ్చిన మనిషిని వసుమతి గుమ్మంలోనే ఆపి రెండుసార్లు వాసన చూసింది. ఇది తాగే ఆల్కహాల్ కాదని నమ్మించడానికి నరసింహకి అరగంట పట్టింది. తన డాక్టరేట్ వాదించినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. నమ్మాక ఆవిడ తిన్నగా ఫ్రిజ్ మీద వేలాడే క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది.

"పదకొండింటికి మొదలుపెట్టారా? శుక్రవారం పూట? నడి రాహుకాలం."

ఆనాటినుంచి ప్రతి శుక్రవారం మెసేజ్ వస్తుంది. మిగతా రోజుల్లో రాహువుకి వేరే వేళల్లో డ్యూటీ కాబట్టి గొడవలేదు. కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ చేసిన నరసింహకి రాహువు మీద నమ్మకం లేదు. కానీ వేడెక్కిన ట్యాంకు ఓ గంట కూర్చుంటే దానికి వచ్చే నష్టమూ లేదు, వసుమతి మాత్రం ఆ గంట వల్ల వారమంతా నిశ్చింతగా ఉంటుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ అడిగినవాటిలో ఇదే తేలికైనది. ఆపరేటర్లు ఎప్పుడూ ఎందుకని అడగలేదు. అంత చదివిన మనిషి ఆగమన్నాడంటే ఏదో పెద్ద కారణమే ఉంటుందనుకున్నారు.

అడిగినవాడు చైతన్య. వరంగల్ కుర్రాడు, ఇరవై తొమ్మిదేళ్లు, హెచ్ వన్ బి వీసా మీద, ఏడాది కాంట్రాక్టులో నవంబర్‌లో వచ్చాడు. ప్లాంట్‌లో జరిగే మార్పుల్ని లెక్కలతో కనిపెట్టే ప్రోగ్రామ్ రాయడం అతని పని. ప్లాంట్‌లో నలభై మీటర్లున్నాయి. మామూలు అలారం ఒక్కోదాన్నీ విడిగా చూస్తుంది, గీత దాటితే అరుస్తుంది. చైతన్య ప్రోగ్రామ్ నలభైనీ కలిపి చూస్తుంది. మామూలు రోజుల్లో వేడీ ఒత్తిడీ ఆవిరీ ఒకదానితో ఒకటి ఎలా నడుస్తాయో కొన్ని వారాలు గమనించి నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఏ మీటరూ గీత దాటకపోయినా, అన్నిటి నడకా కలిసి కాస్త తేడాగా ఉంటే చెప్పేస్తుంది. మొగుడు చెప్పులు విప్పే తీరు చూసి ఆఫీసులో ఏమైందో చెప్పే ఇల్లాళ్లు ఈ పని లెక్కలు లేకుండానే చేస్తారు. ఫ్యాక్టరీలకి మాత్రం స్టాటిస్టిక్స్ కావాలి.

ఫిబ్రవరి ఆఖరుదాకా ట్రయల్. ప్రోగ్రామ్ నిలబడితే చైతన్యకి పర్మనెంట్ ఉద్యోగం, దాని వెనకే వీసా పొడిగింపు. నిలబడకపోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. పెళ్లయి నాలుగు నెలలు. భార్య రష్మి ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి వస్తోంది, టికెట్ కూడా కొన్నారు.

ఆ చైతన్య నవంబర్‌లో ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని నరసింహ టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"సార్, చిన్న డౌట్. అన్ని రోజుల బ్యాచ్‌లు ఒక తీరుగ ఉన్నయి, శుక్రవారంవి వేరే తీరుగ ఉన్నయి. ఎందుకట్ల?"

నరసింహ నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. పక్క టేబుల్ దగ్గర ప్లాంట్ మేనేజర్ డోనా నిలబడి ఉంది. అరవైకి దగ్గరపడిన మనిషి, కారణం లేని పనిని క్షమించదు. నరసింహ ఇంగ్లీషులోకి మారాడు.

"అదీ... గురువారం లారీ వచ్చి ట్యాంకు నింపుతుంది కదా. కదిలిన సరుకు. శుక్రవారం కాసేపు సెట్లింగ్‌కి, అంటే తేరుకోవడానికి, వదులుతాం."

"ఎంతసేపు సార్?"

"సుమారు గంట."

ఆ క్షణంలో తోచిన మాట అది. చైతన్య దాన్ని భక్తిగా రాసుకున్నాడు. శుక్రవారాన్ని వేరే కుటుంబంగా లెక్కకట్టి ప్రోగ్రామ్‌కి నేర్పాడు. డోనా వచ్చి, ఇంత ముఖ్యమైన పని రాతపూర్వకంగా లేకపోవడమేమిటని ఆపరేటర్ల పుస్తకంలో ఎక్కించింది: శుక్రవారం సెట్లింగ్, సుమారు గంట. అది చదివిన, అదే కంపెనీ ఆరెగాన్ ప్లాంట్‌వాళ్లు వివరాలు కావాలన్నారు. నరసింహ తలవంచుకుని పన్నెండు స్లైడ్‌లు తయారుచేశాడు, వాటిలో రెండు గ్రాఫులు కూడా ఉన్నాయి. ఆరెగాన్‌లో లారీ సోమవారం వస్తుంది కాబట్టి వాళ్లు మంగళవారం సెట్లింగ్ పెట్టుకున్నారు. చాలా బాగా పనిచేస్తోందని ఉత్తరం కూడా రాశారు.

"ఏమండీ, ఈమధ్య శుక్రవారాలు మీరు గురక పెట్టట్లేదు," అంది వసుమతి ఒకరోజు. అబద్ధం మోసేవాడికి నిద్ర సరిగా పట్టదని ఆవిడకి తెలియదు.

జనవరి రెండో శుక్రవారం, అంటే మనం మొదలుపెట్టిన రోజు, పదకొండు యాభై తొమ్మిది దాటాక బటన్ నొక్కారు. పన్నెండుంపావుకి చైతన్య తెర మీద ఆ తేడాని చూపించే చుక్క గీత దాటింది. అలారం మోగింది.

మీటర్లన్నీ బుద్ధిగానే ఉన్నాయి. కలిసి నడిచే నడకలోనే తేడా. ఎక్కువ తేడా ఆవిరి వైపు చూపిస్తోంది కాబట్టి ఆవిరి వాల్వు మీద అనుమానం పడింది. దాన్ని విప్పి కొత్తది బిగించారు. తర్వాతి శుక్రవారం చుక్క ఇంకొంచెం పైకెక్కింది. వేడి కొలిచే సెన్సార్ మార్చారు. మూడో శుక్రవారం ఇంకాస్త పైకి పోయింది. పంపు మార్చారు. పాత పంపుని విప్పి చూస్తే అది కొత్త పంపుకన్నా శుభ్రంగా ఉంది. నాలుగో శుక్రవారం టెక్సస్ నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారు. ఆయన కాలమ్‌కి చెవి ఆనించి పది నిమిషాలు విని, బాగానే ఉందని చెప్పి, భోజనం చేసి వెళ్లిపోయాడు. చుక్క మళ్లీ ఎక్కింది. సోమవారంనుంచి గురువారందాకా మాత్రం ప్లాంట్ నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది.

ఆ సాయంత్రమే డోనా నరసింహనీ చైతన్యనీ తన గదికి పిలిచింది.

"వచ్చే శుక్రవారం ఆఖరు. మళ్లీ అలారం మోగి, కారణం దొరక్కపోతే ఈ ప్రోగ్రామ్ ఆపేద్దాం. చైతన్య, ఆ మాట ముందే చెప్పడం న్యాయం అనుకున్నాను."

బయటికొచ్చాక చైతన్య కార్ల మధ్య చాలాసేపు నిలబడ్డాడు.

"ఏం మారుతుందో సమజైతలేదు సార్. నెమ్మదిగ జరుగుతుంది, వారం వారం. ఏదో ఉన్నది, పక్కా ఉన్నది. నేను చూస్తలేను అంతే. రష్మికి ఇంకా చెప్పలే."

అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో ధైర్యం చెప్పి నరసింహ తన కారెక్కాడు. ఇంటికి బయల్దేరేముందు, గోంగూర సంగతేమైనా వచ్చిందా అని వసుమతి మెసేజ్‌లు తెరిచి పైకి జరిపాడు. శుక్రవారం మెసేజ్‌లన్నీ ఒకదాని మీద ఒకటి వరసగా కనిపించాయి. నవంబర్ మొదట్లో పదకొండు ముప్ఫై ఆరు. డిసెంబర్ మధ్యలో పదకొండు నలభై ఆరు. జనవరిలో పదకొండు యాభై తొమ్మిది. ఇవాళ్టిది పన్నెండూ ఆరు.

నరసింహ ఆ టైముల్ని ఇంకోసారి చదివాడు. రాహుకాలం సూర్యుణ్ణి బట్టి కదులుతుంది. దాంతోపాటు తన గంటా కదిలింది. నవంబర్‌లో యాభై నిమిషాలున్న సెట్లింగ్ ఇప్పుడు ఎనభై నిమిషాలైంది. ట్యాంకు వారం వారం రెండు మూడు నిమిషాలు ఎక్కువ వేడిలో కూర్చుంటోంది. చైతన్య ప్రోగ్రామ్ బటన్ నొక్కిన దగ్గర్నుంచే లెక్కపెడుతుంది కాబట్టి అంతకుముందు ఎంతసేపు ఆగారో దానికి కనిపించదు. ఆగినందువల్ల వచ్చిన తేడా మాత్రం కనిపిస్తోంది. పుస్తకంలో చూద్దామంటే సుమారు గంట అని ఉంది. ఆ "సుమారు" తనదే.

అప్పుడే వెనక్కి వెళ్లి చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. నరసింహ కళ్లముందు పన్నెండు స్లైడ్‌లు కదిలాయి. ఆరెగాన్‌వాళ్ల ఉత్తరం కదిలింది. ఇంతకన్నా తేలిక దారి ఉందనిపించింది: వచ్చే శుక్రవారం నవంబర్‌లోలాగే యాభై నిమిషాలే ఆగితే చుక్క దానంతటదే దిగుతుంది, కుర్రాడి ఉద్యోగం నిలుస్తుంది, తన పరువూ నిలుస్తుంది. వసుమతిని ఒక్క వారం ఒప్పిస్తే చాలు.

గురువారం సాయంత్రం ఆవిడ చిక్కుడుకాయలు వొలుస్తుంటే పక్కన కూర్చున్నాడు.

"వసూ, రేపొక్కరోజు మెసేజ్ పెట్టకు."

"ఎందుకు?"

"ఊరికే."

"ఆఫీసులో ఏమైంది?"

"ఏం కాలేదు."

వసుమతి చిక్కుడుకాయ పక్కన పెట్టేసింది. ఇరవై ఆరేళ్లలో ఆయన "ఏం కాలేదు" అన్న ప్రతిసారీ ఏదో ఒకటి అయింది.

"వాల్వు మార్చామన్నారు, అదీ శుక్రవారమే. సెన్సార్ అన్నారు, శుక్రవారమే. పంపన్నారు. ఇన్ని జరుగుతుంటే రాహుకాలం ఒక్కటే చూస్తే సరిపోదని నాకు ముందే తట్టాల్సింది."

"అది కాదు నేననేది..."

"మీరేం చెప్పకండి. నాకు అర్థమైంది."

మర్నాడు పొద్దున వచ్చిన మెసేజ్ మామూలు కన్నా పొడుగ్గా ఉంది. పన్నెండూ ఆరుదాకా రాహుకాలం. పన్నెండూ ఇరవై నాలుగునుంచి ఒంటిగంటా ఆరుదాకా దుర్ముహూర్తం. మధ్యలో దొరికే పద్దెనిమిది నిమిషాలు హడావిడి పనికి తప్ప దేనికీ పనికిరావు. కాబట్టి ఒంటిగంటా ఆరు దాటాకే. అన్నిటికన్నా కింద ఇంకొక వాక్యం ఉంది: "మీరు మొదలుపెట్టాక ఫోన్ చేయండి, అప్పుడు తింటాను."

వసుమతికి షుగర్ ఉంది. పదకొండింటికి నరసింహ ఫోన్ చేశాడు.

"నువ్వు తినేయ్. మొదలుపెట్టేశాం."

"నిజంగా?"

పన్నెండు స్లైడ్‌లతో, రెండు గ్రాఫులతో ఆరెగాన్‌ని నమ్మించినవాడే, కానీ ఆవిడ తిరిగి అడిగితే అబద్ధం నిలబెట్టలేడు, ఎప్పుడూ నిలబెట్టలేకపోయాడు.

"లేదు. ఏదైనా పండు తిను. ఒంటిగంటా ఆరుకే మొదలుపెడతాను."

ఒంటిగంటా ఎనిమిదికి ఆపరేటర్ బటన్ నొక్కాడు. నరసింహ ఫోన్ చేశాడు, వసుమతి అన్నం వడ్డించుకుంది. ఒకటీ ఇరవైకి చైతన్య తెర మీద చుక్క గీతని కాదు, తెరనే దాటింది. తేడా అంత పెద్దదైతే ప్రోగ్రామ్ ప్లాంట్‌ని ఆపేయాలని రూలు. ఆపేసింది. చిప్ ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన ట్యాంకర్ గేటు దగ్గర ఇంజన్ ఆఫ్ చేసుకుని నిలబడింది. డ్రైవర్ దిగి నీడ వెతుక్కున్నాడు.

మూడింటికి డోనా గదిలో ముగ్గురే కూర్చున్నారు.

"ఐదు శుక్రవారాలు," అంది డోనా. "ఒక వాల్వు, ఒక సెన్సార్, ఒక పంపు, టెక్సస్ నుంచి ఒక మనిషి. ఇవాళ ప్లాంట్ కూడా ఆగింది. దొరికిందేమీ లేదు. చైతన్య, నువ్వు కష్టపడ్డావు, నేను చూశాను. కానీ లేని రోగానికి మందు వేసుకుంటూ కూర్చోలేను. నెలాఖరుతో ముగిద్దాం."

చైతన్య తలూపాడు. లాప్‌టాప్‌ని చప్పుడు కాకుండా, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మూశాడు. అది చూశాక నరసింహకి స్లైడ్‌ల గురించి ఆలోచించడం చేతకాలేదు.

"ప్రోగ్రామ్‌లో తప్పేం లేదు," అన్నాడు. "అది మొదటినుంచీ నిజమే చెబుతోంది. అబద్ధం చెప్పింది నేను. సెట్లింగ్ అనేది లేదు."

"లేకపోవడమేమిటి? ఆరెగాన్‌లో చేస్తున్నారు."

"తెలుసు. రాహుకాలం కోసం ఆగుతున్నాను."

డోనా పెన్ను తీసింది. "రాహు ఎవరు? వాల్వు కంపెనీ మనిషా?"

"గ్రహం."

"ఏ గ్రహం?"

"కంటికి కనిపించేది కాదు."

డోనా అదీ రాసుకుంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి నరసింహ అంతా చెప్పాడు. కారిన జాయింటు, వాసన చూసిన వసుమతి, ఫ్రిజ్ మీది క్యాలెండర్, రోజుకో గంటున్నర పాటు కొత్త పని మొదలుపెట్టకూడదనే పట్టింపు. ఫోన్ తెరిచి మెసేజ్‌లు ముందు పెట్టాడు. ముఖం ఎర్రబడి, ఎటూ చూడలేక కిటికీలోంచి ట్యాంకర్‌ని చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు ఒక్క నిమిషంలో చేజారిపోయిందనుకున్నాడు, కానీ కుర్రాడు ఆ లాప్‌టాప్ మళ్లీ తెరిచాడు, అది చాలనిపించింది.

చైతన్య మెసేజ్‌లలోని టైములన్నీ ఎక్కించాడు. తన గీత పక్కన ఇంకో గీత గీశాడు. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"నిమిషానికి నిమిషం కలుస్తుంది," అన్నాడు నెమ్మదిగా.

డోనా కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. "అంటే ఈ ప్లాంట్‌లో మారింది ఒక్కటే, నరసింహ భార్య పంపే మెసేజ్. దాన్ని ఇది నలభై మీటర్లలోంచి పట్టుకుంది."

"అవును మేడమ్."

"మేం పంపు మార్చాం."

"అవును మేడమ్."

డోనా కుర్చీలో వెనక్కి వాలింది. చైతన్య ఇంకేదో లెక్క చూస్తూ కనుబొమలు ముడివేశాడు.

"సార్, ఒకటి అడగాల్నా? శుక్రవారం రాహుకాలం కరెక్ట్‌గ సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు అయిపోతది కదా. మా అమ్మమ్మ చెప్పేది."

"అవును."

"ఇయ్యాల చాండ్లర్‌ల సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు నలభై ఒకటికి. ఆంటీ మెసేజ్‌ల పన్నెండు ఆరు ఉంది. నవంబర్ నుంచి అన్ని వారాలు అదే ముప్ఫై అయిదు నిమిషాల తేడా. గీ క్యాలెండర్ ఎక్కడిది సార్?"

నరసింహ వసుమతికి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కాడు.

"వసూ, ఆ క్యాలెండర్ ఎక్కడిది?"

"మా చెల్లి ఉమ పంపలా? షామ్‌బర్గ్ నుంచి. వాళ్ల గుళ్లో ఇస్తారు. ఏం?"

"అందులో టైములు ఏ ఊరివి?"

ఫ్రిజ్ దాకా నడిచిన చప్పుడు వినిపించింది. కళ్లజోడు వెతికిన చప్పుడు వినిపించింది.

"ఏమండీ," అంది చివరికి, చిన్న గొంతుతో. "అడుగున చిన్నక్షరాల్లో చికాగో అని ఉంది."

నరసింహ ఆ ముక్క డోనాకి ఇంగ్లీషులో చెప్పాడు. అరిజోనాలో ఉన్న కాలమ్‌ని ఇన్నాళ్లూ ఇల్లినాయ్‌లోని చికాగో సూర్యుడు నడిపించాడని డోనాకి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ నవ్విన నవ్వు కంట్రోల్ రూమ్‌దాకా వినిపించింది. ప్లాంట్‌లో ఎవరూ అంతకుముందు దాన్ని వినలేదు కాబట్టి, ఏదో పగిలిందేమోనని ఒక ఆపరేటర్ పరిగెత్తుకొచ్చాడు.

నవ్వడం అయ్యాక ఆవిడ శుక్రవారం సరుకు తాలూకు లాబ్ రిపోర్టులు తెప్పించి వరసగా చూసింది. ఆగిన నిమిషాలు పెరిగేకొద్దీ మలినాలు తగ్గుతూ వచ్చాయి. వారంలో అన్నిటికన్నా స్వచ్ఛమైన ఆల్కహాల్ శుక్రవారానిదే. వేడిలో కూర్చున్న ట్యాంకులో తేలికపాటి మలినాలు ముందే ఎగిరిపోతున్నాయి. నరసింహ చెప్పిన అబద్ధం దాదాపు నిజమే, కారణం మాత్రం వేరు.

"సోమవారంనుంచి రోజూ ఎనభై నిమిషాలు ఆగుదాం," అంది డోనా. "సుమారు కాదు, ఎనభై. ప్రోగ్రామ్ ఉంటుంది. చైతన్యా ఉంటాడు. ఆరెగాన్‌కి మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

ఆ సాయంత్రం వసుమతి చైతన్యని భోజనానికి పిలిచింది. ఫ్రిజ్ మీద క్యాలెండర్ లేదు. ఆవిడ ఫోన్‌లో చాండ్లర్ టైములు చూపించే పంచాంగం అప్పటికే చేరింది. రెండేళ్లలో మొదటిసారి నరసింహకి వాదించే ధైర్యం వచ్చింది. పైగా పక్కన స్టాటిస్టిక్స్ తెలిసినవాడు కూర్చుని ఉన్నాడు.

"నవంబర్ నుంచి పదమూడు శుక్రవారాలు, చాండ్లర్ లెక్కన నడి రాహుకాలంలోనే మొదలుపెట్టానన్నమాట. ఒక్క చుక్క కారలేదు. ఇవాళ ఒక్కరోజు రాహుకాలం దాటాక మొదలుపెట్టాను, ప్లాంటే ఆగిపోయింది. దీనికేమంటావు?"

వసుమతి చారు గరిటె గిన్నెలో పెట్టి ఫోన్ అందుకుంది.

"ఇవాళ ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"ఒంటిగంటా ఎనిమిదికి."

"చాండ్లర్‌కి దుర్ముహూర్తం ఒంటిగంటా మూడునుంచి."

నరసింహ చైతన్య వైపు చూశాడు.

"ఆంటీ, అది ఒక్క పాయింటే," అన్నాడు చైతన్య. "ఒక్క పాయింట్ పట్టుకుని స్టాటిస్టిక్స్‌ల ఏం చెప్పలేం."

"నువ్వు పప్పు వేసుకో," అంది వసుమతి, నెయ్యి గిన్నె అతనివైపు జరుపుతూ. చైతన్య పప్పు వేసుకున్నాడు.

వారం తిరిగింది. రోజూ ఎనభై నిమిషాలు ఆగారు, ఆగిన నిమిషాల్ని కూడా లెక్కలో వేసుకోవడం చైతన్య ప్రోగ్రామ్‌కి నేర్పాడు, ఒక్క అలారం మోగలేదు. నరసింహ ఆరెగాన్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు మంగళవారం సెట్లింగ్ మానేది లేదన్నారు, అలవాటైపోయిందట. అయినా ఆ రాత్రి ఆయన హాయిగా గురక పెట్టాడు, వసుమతి ఫిర్యాదు కూడా చేసింది.

శుక్రవారం పదకొండున్నరకి చైతన్య పర్మనెంట్ ఆఫర్ లెటర్ వచ్చింది. తెర మీద ఒక చోట వేలు ఆనిస్తే సంతకం అయిపోతుంది. ఒంటిగంటలోపు పెడితే వీసా కాగితాలు ఇవాళే కదులుతాయని డోనా గుమ్మంలోంచి చెప్పి వెళ్లింది. నరసింహ తనకే ఉద్యోగం వచ్చినంత సంబరంగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పెట్టవయ్యా, నేనూ చూస్తాను."

చైతన్య తెరవైపు చూశాడు, తర్వాత గోడ గడియారంవైపు చూశాడు.

"లంచ్ చేసొచ్చి పెడత సార్."

"ఇప్పుడేం లంచ్? నువ్వు రెండింటిదాకా తినవు కదా." నరసింహకి అప్పుడు తట్టింది. "నువ్వు కూడానా? నలభై మీటర్లూ లెక్కకట్టి, అదంతా ఏమీ లేదని తేల్చిన మనిషివి."

"నేను నమ్మను సార్. అసలు నమ్మను," అన్నాడు చైతన్య, లాప్‌టాప్‌ని జాగ్రత్తగా పక్కకి జరుపుతూ. "కానీ రష్మి టికెట్ బుక్ అయింది."

నరసింహ కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చున్నాడు. డబ్బా విప్పి చెరో ముద్దా తిన్నారు.

ఆ ఆఫర్ లెటర్ మీద కంప్యూటర్ వేసిన సంతకం టైమ్ పన్నెండు నలభై ఎనిమిది, చాండ్లర్ కాలమానం.